మూతపడిన అంగడి ముంగిట

పాఠ్యాంశ పరిచయం: ఒక వాడలో దుకాణాలు మూతపడినప్పుడు అక్కడి నివాసులు వాటి స్థానంలో ఏమి కోరుకుంటారు, ఆ కోరికలలో ఏవి తీరుతాయి, ఏవి తీరవు, ఎందుకు తీరవు అనే విషయాలను ఈ పాఠం పరిశీలిస్తుంది. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరాన్ని 2005లో ముంచెత్తిన వరద, ఆ తరువాత అక్కడి వీధులలో జరిగిన పరిణామాలు దీనికి ఆధారం.

*

అంగడి అనే మాట తెలుగులో చాలా పాతది. సరుకు అమ్మే చోటును చెప్పే మాటే అయినా, జనం కూడే చోటు, కబురు తెలిసే చోటు అనే అర్థాలు దాని నీడలోనే పెరిగాయి. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో ఇద్దరు మిత్రులు ఒక పగలంతా ఓరుగల్లు వీధుల వెంట తిరుగుతారు. ఆ కావ్యం చదివిన వారికి కాకతీయుల రాజధానిలోని కోటకొమ్మల కంటే అక్కడి పూటకూళ్ల ఇల్లు, బేరసారాలు, దారిలో ఎదురైన మనుషులే ఎక్కువగా గుర్తుండిపోతారు. నగరం తన బతుకును వీధిలోనే బయటపెట్టుకుంటుందని ఆ కవికి బాగా తెలుసు.

అటువంటి వీధిలో తలుపులు మూసుకుపోతే ఏమవుతుంది? ఒక దుకాణం మూతపడితే దాని యజమానికి నష్టం. పది దుకాణాలు మూతపడితే వీధికి నష్టం. సాయంత్రం దీపం వెలగని చోట నడిచేవారు తగ్గుతారు. నడిచేవారు తగ్గిన చోట పదకొండవ దుకాణం కూడా నిలవదు. పప్పు, ఉప్పు, మందుబిళ్ల కోసం ముసలివారు రెండు బస్సులు మారి వెళ్లవలసి వస్తుంది. ఈ కష్టాన్ని న్యూ ఆర్లీన్స్ ప్రజలు అనుభవించినంత తీవ్రంగా అనుభవించిన నగరవాసులు ఇటీవలి కాలంలో అరుదు.

న్యూ ఆర్లీన్స్ లూసియానా రాష్ట్రంలో, మిసిసిపీ నది సముద్రంలో కలిసే ప్రాంతానికి ఎగువన ఉన్న రేవు పట్టణం. ఫ్రెంచివారు స్థాపించారు, స్పెయిన్‌వారు ఏలారు, 1803లో అమెరికా కొనుక్కొంది. బానిసలుగా తేబడిన ఆఫ్రికావారి సంతతి ఆ నగరానికి తన సంగీతాన్నీ, తన వంటనూ ఇచ్చింది. అక్కడివారు ప్రీతిగా తినే గంబో అనే పులుసు పేరు బెండకాయను సూచించే ఒక ఆఫ్రికా పదం నుంచి పుట్టిందంటారు. బెండకాయ పులుసు తెలుగువారికి కొత్త కాదు గాని, అందులో రొయ్యలూ పీతలూ కలిపి వండడం ఆ నగరపు ప్రత్యేకత.

నగరంలో సుమారు సగం సముద్రమట్టం కంటే పల్లంలో ఉంటుంది. కరకట్టలు, వరద గోడలు, నీటిని తోడే యంత్రాలు కలిసి దానిని కాపాడుతుంటాయి. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను తీరం దాటినప్పుడు ఆ గోడలు అనేక చోట్ల తెగిపోయాయి. నగరంలో సుమారు 80 శాతం నీట మునిగింది. వెయ్యిమందికి పైగా మరణించారు. బతికినవారు హ్యూస్టన్‌కు, అట్లాంటాకు, ఇంకా దూరపు ఊళ్లకు చెదరిపోయారు. 2000 సంవత్సరపు జనాభా లెక్కలలో 4,84,674 మంది ఉన్న నగరం 2010 నాటికి 3,43,829 మందికి తగ్గింది. 2020లో కూడా ఆ సంఖ్య 3,83,997 మాత్రమే.

అయితే అన్ని దుకాణాలూ నీటివల్లనే మూతపడ్డాయని అనుకోవడం పొరపాటు. న్యూ ఆర్లీన్స్ వీధులకు అంతకు ముందే దెబ్బలు తగిలాయి. ఆ నగరంలో క్లైబోర్న్ అవెన్యూ అనే వెడల్పాటి వీధి ఉండేది. దాని నడుమ బారులు తీరిన ఓక్ చెట్లు, ఇరువైపులా నల్లజాతివారి దుకాణాలు, బీమా కార్యాలయాలు, మందుల షాపులు ఉండేవి. 1960ల ద్వితీయార్ధంలో ఆ చెట్లను నరికి, వీధి మీదుగా స్తంభాలపై జాతీయ రహదారిని కట్టారు. చెట్ల నీడ పోయి కాంక్రీటు నీడ వచ్చింది. కొత్త దారి ఊరి వెలుపలి వారికి సౌకర్యంగానే ఉంది. దాని కింద ఉన్న అంగళ్లు మాత్రం ఒకటొకటిగా కళ తప్పాయి. కారు ఉన్న కుటుంబాలు శివార్లలోని పెద్ద దుకాణాలకు పోవడం మొదలుపెట్టాయి. లేనివారు మిగిలిన చిన్న కొట్లలో, ఎక్కువ ధరకు, తాజాదనం లేని సరుకు కొనుక్కోవలసి వచ్చింది. వరద ఈ పాత గాయం మీదనే పడింది.

సెయింట్ క్లాడ్ అవెన్యూ కథ కూడా ఇటువంటిదే. ఈ దారి మారిని, సెయింట్ రోక్, బైవాటర్ పేటలను ఒరుసుకుంటూ సాగి, కాలువ వంతెన దాటి లోయర్ నైన్త్ వార్డ్ అనే పేదల వాడలోకి ప్రవేశిస్తుంది. వరద తరువాత అయిదేళ్లకు కూడా ఈ దారిలో చెక్కలు కొట్టిన కిటికీలు, గొలుసు వేసిన తలుపులు, రంగు వెలిసిన పేర్ల పలకలు కనిపించేవి. నదికి దగ్గరగా ఉన్న బైవాటర్ నేల కొంత మెట్ట కనుక అక్కడ నీరు తక్కువగా వచ్చింది. ఆ కారణంగానే చిత్రకారులు, సంగీతకారులు, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన యువకులు ఆ పేటలో ఇళ్లు తీసుకోసాగారు. అద్దెలు పెరిగాయి. తరతరాలుగా ఉన్న నల్లజాతి కుటుంబాలు పలుచబడ్డాయి. వాడ మారుతున్నదని అందరికీ తెలుసు. ఎవరి కోసం మారుతున్నదనే విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు.

ఈ దశలో క్యాండీ చాంగ్ అనే కళాకారిణి ఒక చిన్న ప్రయోగం చేసింది. ఆమె తైవాన్ మూలాలున్న అమెరికన్. నగర ప్రణాళికాశాస్త్రం కూడా చదువుకొన్నది. తన ఇంటి చుట్టుపక్కల ఇన్ని భవనాలు ఖాళీగా పడి ఉండగా, పూర్తి స్థాయి కిరాణా దుకాణం ఒక్కటి కూడా దగ్గరలో లేకపోవడం ఆమెకు వింతగా తోచింది. ఖాళీ దుకాణంలో ఏమి రావాలన్నది సాధారణంగా ఎవరు నిర్ణయిస్తారు? భవనం యజమాని, అప్పిచ్చే బ్యాంకు, అనుమతినిచ్చే నగరపాలక కార్యాలయం. ఆ తలుపు ముందు నుంచి రోజూ నడిచే మనిషిని అడిగేవారు లేరు. బహిరంగ సభలు జరగకపోలేదు. కాని సభకు వచ్చి మైకు ముందు మాట్లాడగల ధైర్యమూ, తీరికా అందరికీ ఉండవు. గట్టిగా మాట్లాడేవారి మాటే అక్కడ వినబడుతుంది. ఈ చివరి విషయం తెలుగునాట వార్డు సభలకు వెళ్లినవారికి వేరుగా వివరించనక్కరలేదు.

2010 చివరలో ఆమె కొన్ని స్టిక్కర్లు అచ్చు వేయించింది. సమావేశాలలో జనం చొక్కాకు అంటించుకొనే పేరు చీటీలను పోలి ఉండేవి అవి. పైన ‘ఐ విష్ దిస్ వాజ్’ అని అచ్చు, కింద ఖాళీ తెల్ల జాగా. తెలుగులో చెప్పాలంటే ‘ఇది ఫలానాది అయి ఉంటే బాగుండును’ అని. గోడకు హాని కలగకుండా ఊడివచ్చే పదార్థంతో వాటిని తయారు చేయించింది. వాటిని ఊళ్లోని కాఫీ కొట్లలోనూ, ఇతర దుకాణాలలోనూ ఉచితంగా పంచింది. కొన్నింటిని ఖాళీ భవనాలకు తానే అంటించింది. రాయవలసింది నివాసులే. పేరు చెప్పనక్కరలేదు, చిరునామా అక్కరలేదు, వ్యాకరణ దోషానికి మార్కులు తగ్గవు.

జనం రాశారు. కిరాణా దుకాణం కావాలని ఒకరు, మాంసం కొట్టు కావాలని ఒకరు, అందుబాటు ధరలలో రైతుల సంత కావాలని మరొకరు. అందరూ కలిసి పెంచుకొనే తోట కావాలన్నారు. కూర్చొని మాట్లాడుకొనే చోటు ఉంటే చాలన్నారు. ఇది స్వర్గమైతే బాగుండునని రాసినవారు కూడా ఉన్నారు. కొంటె కోరికలకు, అసాధ్యమైన కోరికలకు కొదవ లేదు. ఒకరు రాసినదానికి మరొకరు సమాధానం రాయడంతో గోడమీదనే సంభాషణలు నడిచాయి.

ఈ కోరికలను ఒకచోట పేర్చి చూస్తే వాటిలో ఎక్కువ భాగం చాలా చిన్నవని స్పష్టమవుతుంది. రొట్టె, కూరగాయలు, మాంసం, కూర్చొనేందుకు కాస్త జాగా. ఆకాశహర్మ్యం కావాలన్నవారు కనబడరు. ప్రపంచంలో అత్యంత సంపన్న దేశమనిపించుకొన్న చోట ఒక నగరవాసి తన వీధిలో తాజా కూరగాయలు దొరికితే బాగుండునని గోడమీద రాయవలసి రావడంలో కొంత విషాదమూ, కొంత అవమానమూ ఉన్నాయి. ఈ ప్రయోగం కళాప్రపంచంలో సంపాదించిన ప్రశంసల సందడిలో ఆ అవమానాన్ని గమనించినవారు తక్కువ.

మరొక ముఖ్యమైన విషయం ఉంది. గోడమీద రాసినవారు ఎవరు? ఆ వీధిలో ఆనాడు నడుస్తున్నవారు. వరదకు చెదరిపోయి, ఇల్లు కూలిపోయి, హ్యూస్టన్‌లో ఒక అద్దె గదిలో తలదాచుకొన్న మనిషి ఆ గోడ దగ్గరకు రాలేడు. ఆ దుకాణంలో ముప్ఫై ఏళ్లు సరుకు కొన్నది అతడే. దాని పేరు, యజమాని పేరు, పండుగనాడు అక్కడ దొరికే పదార్థం పేరు అతనికి తెలుసు. నిన్న మొన్న వచ్చి చేరిన యువకుడి కోరికకు గోడమీద చోటు దొరికింది. ఊరు విడిచి వెళ్లవలసి వచ్చినవాడి కోరికకు దొరకలేదు. ఇది కళాకారిణి దోషం కాదు. నివాసుల అభిప్రాయం సేకరించే ఏ పద్ధతిలోనైనా, నివాసులుగా మిగలలేకపోయినవారి మాట జారిపోతుంది. మారుతున్న వాడ గురించి ఆలోచించేవారు ముందుగా ఎదుర్కోవలసిన చిక్కు ఇదే.

రెండవ చిక్కు లెక్కలకు సంబంధించినది. కోరిక వేరు, గిరాకీ వేరు. అర్థశాస్త్రంలో గిరాకీ అనిపించుకోవాలంటే కోరికకు తోడు చేతిలో డబ్బు ఉండాలి. కిరాణా వ్యాపారంలో నికర లాభం చాలా స్వల్పం. అమెరికాలో సాధారణంగా నూరు డాలర్ల అమ్మకానికి ఒకటి నుంచి మూడు డాలర్లు మిగులుతాయి. అంత పలుచని లాభంతో నిలవాలంటే వేలమంది కొనుగోలుదారులు వారం వారం రావాలి. ఇళ్లు సగం ఖాళీగా ఉన్న వాడలో ఆ వేలమంది ఎక్కడి నుంచి వస్తారు? జనం తిరిగి వస్తే దుకాణం తెరుస్తామని వర్తకులు అంటారు. దుకాణం, బడి, ఆసుపత్రి లేనిచోటికి ఎలా తిరిగి వస్తామని జనం అంటారు. వరద తరువాతి న్యూ ఆర్లీన్స్‌లో ఈ వాదం ఏళ్ల తరబడి నడిచింది. ఇరువురి మాటలోనూ నిజం ఉండడమే దానిలోని కష్టం. యజమానుల ధోరణి దీనికి తోడు. వాడ ధర పెరుగుతున్నదని తెలిసిన యజమాని తక్కువ అద్దెకు ఈనాడే ఇవ్వడం కంటే తాళం వేసి, ఎక్కువ అద్దె ఇచ్చేవాడి కోసం ఎదురుచూడడమే మేలనుకొంటాడు. ఆ తాళం వల్ల పక్కనున్నవారికి కలిగే నష్టం అతని లెక్కల పుస్తకంలో రాదు.

నగరపాలక సంస్థ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. తాజా ఆహారపదార్థాలు అమ్మే దుకాణాలకు అప్పు ఇచ్చేందుకు 2011లో ఒక పథకం ప్రారంభించింది. అందులో ప్రభుత్వ ధనమూ, దానికి జతపడిన ప్రైవేటు ధనమూ కలిపి 140 లక్షల డాలర్లు. షరతులు నెరవేర్చిన వర్తకుడు అప్పులో కొంత భాగాన్ని తిరిగి కట్టనక్కరలేదు. ఈ పథకం సహాయం పొందినవాటిలో సర్కిల్ ఫుడ్ స్టోర్ ఒకటి.

క్లైబోర్న్ అవెన్యూ, సెయింట్ బెర్నార్డ్ అవెన్యూ కలిసే మూలమీద, ఆర్చీల వరండాతో ఉన్న ఈ దుకాణాన్ని ఎరగనివారు ఆ నగరంలో లేరు. పంతొమ్మిదవ శతాబ్దంలో నగరపాలకులు నడిపిన ఒక మార్కెట్టు ఉన్న చోట, 1930లలో ఇది కిరాణా దుకాణంగా మొదలైంది. అనంతరకాలంలో నల్లజాతి యాజమాన్యంలోకి వచ్చింది. అక్కడ కూరగాయలూ మాంసమూ మాత్రమే దొరికేవని అనుకోకూడదు. పిల్లల బడి యూనిఫాం అక్కడే, మందులు అక్కడే, కరెంటు బిల్లు కట్టడం అక్కడే. చుట్టుపక్కల పేటలవారికి అది దుకాణమూ, రచ్చబండా కూడా. 2005లో ఆర్చీల సగం వరకు నీటిలో మునిగిన ఆ భవనపు ఛాయాచిత్రాలు దేశమంతటా పత్రికలలో వచ్చాయి.

దానిని మళ్లీ తెరవాలని కోరనివారు లేరు. అయినా తెరవడానికి ఎనిమిదేళ్లకు పైగా పట్టింది. 2014 జనవరిలో తలుపులు తెరిచిన నాడు జనం బారులు తీరారు; పాత పరిచయాలు తిరిగి కలిశాయి. కథ అక్కడ ఆగి ఉంటే ఎంతో బాగుండేది. కాని ఆ చుట్టుపక్కల ఇళ్లు పూర్తిగా నిండలేదు. అదే ఏడాది బ్రాడ్ వీధిలో ఒక పెద్ద సంస్థవారి సూపర్ మార్కెట్టు కూడా వెలిసింది. 2017 ఆగస్టులో కురిసిన భారీ వానకు నగరపు నీటి యంత్రాలు చాలక దుకాణం మళ్లీ మునిగింది. 2018లో మూతపడింది. 2019లో వేరొకరి చేతిలో తిరిగి తెరుచుకొంది. ప్రజలు కోరిన దుకాణం, ప్రజలు ప్రేమించిన దుకాణం, ప్రభుత్వం ఆదుకొన్న దుకాణం. అయిదేళ్లు నిండకుండానే నిలబడలేకపోయింది. సరుకు ఎక్కడ చౌకగా ఉంటే అక్కడ కొని, పాత దుకాణం మీద ప్రేమను మాత్రం మనసులో ఉంచుకొనే అలవాటు అన్ని దేశాలవారికీ ఉన్నదే.

సెయింట్ రోక్ మార్కెట్టు కథ మరొక తీరుగా నడిచింది. ఒకప్పుడు న్యూ ఆర్లీన్స్‌లో నగరపాలకులు నిర్వహించే మార్కెట్లు ముప్ఫైకి పైగా ఉండేవి. చేపలు, మాంసం, కూరగాయలు శుభ్రంగా, అదుపులో ఉన్న ధరలకు అమ్మించడం వాటి ఉద్దేశం. 1875లో కట్టిన సెయింట్ రోక్ మార్కెట్టు వాటిలో ఒకటి. పొడవాటి హాలు, సన్నని స్తంభాల వరుసలు. వరదకు ముందు కాలంలో అక్కడ రొయ్యలు, పీతలు, చేపలు చౌకగా కొనుక్కొనేవారు. వరద తరువాత తలుపులు మూసుకొన్నాయి. దానిని బాగుచేయించడానికి నగరం సుమారు 37 లక్షల డాలర్ల ప్రజాధనం వెచ్చించింది. తాజా సరుకు దొరికే మార్కెట్టు మళ్లీ వస్తుందని పేటలోని పాతకాపులు ఆశించారు.

2015 ఏప్రిల్‌లో తెరిచినప్పుడు తెల్లని గోడలు, పాలరాతి బల్లలు, మెరిసే దీపాలతో హాలు కన్నులపండువుగా ఉన్నది. అయితే వంకాయలు కొనుక్కొని ఇంటికి పోదామని వచ్చిన ముసలామెకు అక్కడ దొరికింది తక్కువ. వండిన వంటకాలు, పళ్లరసాలు, కాఫీ, మద్యం అమ్మే చిన్న చిన్న కౌంటర్లే ఎక్కువ. చుట్టుపక్కల పేదలు ఇచ్చుకోగల ధరలు కావవి. తెరిచిన కొద్ది వారాలకే ఒక రాత్రి ఎవరో వచ్చి కిటికీ అద్దాలు పగలగొట్టి, గోడలమీద గులాబీరంగు పూసి, డబ్బున్న కొత్త తరంవారిని నిందిస్తూ రాతలు రాశారు.

అద్దాలు పగలగొట్టడాన్ని ఎవరూ సమర్థించలేరు. మరునాడు వాటి ముక్కలు ఊడ్చినవారు ఆ మార్కెట్టులో చిన్న పెట్టుబడితో వ్యాపారం మొదలుపెట్టిన మామూలు మనుషులే. అలాగని ఆ కోపానికి కారణమే లేదని కొట్టివేయడమూ తగదు. ఆ మార్కెట్టు ఖాళీగా ఉన్న పదేళ్లలో దాని చుట్టూ ఉన్న వాడే మారిపోయింది. ఖాళీ హాలును నింపారు. ఎవరు ఖాళీ అని బాధపడ్డారో వారి కోసం నింపలేదు. నిర్వాహకుల వైపు నుంచి చూస్తే వారి వాదన కూడా తేలికైనది కాదు: పచ్చి చేపలూ కూరగాయలూ అమ్మి అంత పెద్ద భవనాన్ని నిలబెట్టుకోవడం ఈ రోజులలో సాధ్యమా? నూరేళ్ల క్రితం ఆ మార్కెట్టు చుట్టుపక్కల అటువంటి సరుకును ప్రైవేటు దుకాణాలు అమ్మరాదని నగరం నిబంధనలు పెట్టి కాపాడింది. ఆ రక్షణ పోయిన తరువాత భవనాన్ని మాత్రం నిలబెట్టి, పాత ప్రయోజనం దానంతట అదే తిరిగి వస్తుందనుకోవడం అమాయకత్వం. ప్రజాధనంతో బాగుచేసిన చోట పేదలకు ఏమి దొరకాలన్నది ఒప్పందంలో ముందే గట్టిగా రాసుకొని ఉండవలసింది.

అదే దారిలో, ఆ మార్కెట్టుకు కూతవేటు దూరంలోనే ఒక పాత ఫర్నిచర్ దుకాణపు భవనం ఉన్నది. 2011లో అందులో ఒక సహకార కిరాణా దుకాణం వెలిసింది. నివాసులే సభ్యులై, వాటాధనం చెల్లించి, దానికి యజమానులయ్యారు. ఈ ఆలోచన వరదకు ముందే, 2002 ప్రాంతంలోనే మొదలైంది. అంగడిగా రూపుదాల్చడానికి తొమ్మిదేళ్లు పట్టింది. గోడమీద చీటీ అంటించడానికి పట్టే కాలానికీ, బియ్యపు బస్తా దించడానికి పట్టే కాలానికీ ఉన్న తేడాను ఈ తొమ్మిదేళ్లు చెబుతాయి.

అయితే అంగడి తెరిచి ఉండడమే న్యాయానికి గుర్తు కాదు. న్యూ ఆర్లీన్స్‌లోనే డ్రయాడ్స్ వీధి ఒకప్పుడు గొప్ప వ్యాపార కేంద్రం. నగర మధ్యలోని కెనాల్ వీధి తరువాత దానిదే పేరు. అక్కడ సరుకు కొనేవారిలో అధికులు నల్లజాతివారు. అయినా ఆ దుకాణాలలో వారికి ఊడ్చే పనీ మూటలు మోసే పనీ తప్ప, బల్ల వెనుక నిలబడి అమ్మే ఉద్యోగం ఇచ్చేవారు కారు. 1960లో నల్లజాతివారు ఆ దుకాణాలను బహిష్కరించి, వాటి ముందు ప్లకార్డులు పట్టుకొని నిలబడ్డారు. కొందరు యజమానులు దిగివచ్చి ఉద్యోగాలిచ్చారు. మరికొందరు దుకాణాలు ఎత్తివేసి శివార్లకు తరలిపోయారు. ఆ తరువాతి దశాబ్దాలలో వీధి క్రమంగా పాడుబడింది. కళకళలాడిన వీధిని ఉద్యమమే చెడగొట్టిందని అన్నవారు లేకపోలేదు. తమ డబ్బు పుచ్చుకొని తమకు గౌరవం ఇవ్వని అంగడి తెరిచి ఉంటేనేమి, మూతపడితేనేమి అని ఆ ప్లకార్డు పట్టినవారు అడిగిన ప్రశ్నకు వారి దగ్గర జవాబు లేదు.

ఆ ఉద్యమంలో పాల్గొన్న విద్యార్థులలో ఒరీతా కాసిల్ హేలీ ఒకరు. కెనాల్ వీధిలో తెల్లవారికి మాత్రమే కేటాయించిన భోజనశాలలో కూర్చొన్నందుకు ఆమెను, సహచరులను శిక్షించగా, 1963లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. ఆమె 1987లో మరణించిన తరువాత, పాత డ్రయాడ్స్ వీధిలో కొంత భాగానికి ఆమె పేరు పెట్టారు. ఆ వీధిలోనే 2000 సంవత్సరంలో కెఫే రీకన్సైల్ అనే భోజనశాల ప్రారంభమైంది. చదువు మధ్యలో ఆగిపోయిన, దారి తప్పే ప్రమాదమున్న యువతకు అక్కడ వంట చేయడం, వడ్డించడం, వేళకు పనికి రావడం నేర్పుతారు. ఒకనాడు అమ్మకపు బల్ల వెనుక తమను నిలబడనివ్వని వీధిలో ఈనాడు నల్లజాతి యువతీయువకులు అతిథులను పలకరించి కుర్చీ చూపుతారు. ఇటువంటి అంగడి కావాలని గోడమీద ఎవరూ రాసి ఉండరు. కొన్ని అవసరాలు తమకు ఉన్నాయని, తీరిన తరువాతనే జనానికి తెలుస్తుంది.

సెయింట్ క్లాడ్ దారి వెంట కాలువ వంతెన దాటితే లోయర్ నైన్త్ వార్డ్. వరద గోడ తెగి, నీటి తాకిడికి ఇళ్లు పునాదులతో సహా కొట్టుకుపోయిన చోటు అది. చాలా వీధులలో ఇంటి ముందు మెట్లు మాత్రమే మిగిలాయి. వరద వచ్చి ఏళ్లు గడిచినా ఆ వార్డులో కిరాణా దుకాణం లేదు. పెద్ద సంస్థలు జనసంఖ్య చూసి పెదవి విరిచాయి. తల్లి సరుకుల కోసం మూడు బస్సులు మారి వెళ్లవలసి రావడం చూసిన ఒక మాజీ సైనికుడు, దాచుకొన్న డబ్బుతో ఆ వార్డులోనే పాడుబడిన ఒక భవనం కొన్నాడు. గోడలు, కప్పు తానే బాగుచేసుకొన్నాడు. మొదట క్షౌరశాల, తరువాత మిఠాయి కొట్టు, 2014లో కిరాణా దుకాణం తెరిచాడు. తెచ్చే సరుకు తక్కువ. కావలసినది లేకపోతే ఇరుగుపొరుగువారు అడుగుతారు, తరువాతిసారి తెస్తాడు. ఖాళీ గోడమీద చీటీ అంటించి అడిగిన ప్రశ్నను ఇతడు తన బల్ల దగ్గర నిలబడి రోజూ అడుగుతున్నాడన్నమాట. తేడా ఏమంటే జవాబు చెప్పినవారికి అతడు మరుసటి వారం ముఖం చూపించాలి.

క్యాండీ చాంగ్ తన ప్రయోగాన్ని అక్కడితో ఆపలేదు. తనకు ఆప్తులైన ఒకరి మరణం తరువాత, 2011లో మారిని పేటలోని ఒక పాడుబడిన ఇంటి గోడకు నల్లబల్ల రంగు పూసి, చనిపోయేలోగా ఏమి చేయాలనుకొంటున్నారో రాయమని దారినపోయేవారిని అడిగింది. పక్కన సుద్దముక్కలు పెట్టింది. అటువంటి గోడలు ఆపైన 70కి పైగా దేశాలలో వెలిశాయి. ఆ గోడకు ప్రపంచఖ్యాతి దక్కింది. ముందటి చీటీలు అంత ప్రసిద్ధికి నోచుకోలేదు. మరణాన్ని గురించిన ప్రశ్న ఏ దేశంలోనైనా ఒక్కటే కనుక అది ఎక్కడికైనా ప్రయాణం చేయగలదు. ఈ మూలమీది ఈ తలుపు వెనుక ఏముండాలన్న ప్రశ్నకు ఆ వీధివారే జవాబు చెప్పాలి; ఆ జవాబు విని తాళం తీయవలసినవాడు కూడా దగ్గరలోనే ఉండాలి.

ప్రశ్నలు

1. ‘కోరిక వేరు, గిరాకీ వేరు’ అనే మాటను సర్కిల్ ఫుడ్ స్టోర్ కథ ఆధారంగా వివరించండి.

2. ఖాళీ భవనాలమీద తమ కోరికలు రాయలేకపోయినవారు ఎవరు? వారి అభిప్రాయం తెలుసుకోవడానికి ఏ మార్గం అనుసరించి ఉండవచ్చు?

3. సెయింట్ రోక్ మార్కెట్టు విషయంలో పాత నివాసుల వాదాన్నీ, నిర్వాహకుల వాదాన్నీ సొంత మాటలలో రాసి, ఎవరి పక్షం సమంజసమో చర్చించండి.

4. డ్రయాడ్స్ వీధి బహిష్కరణను వీధి పాడుబడడానికి కారణంగా చెప్పడం న్యాయమేనా?

5. ఈ మాటలను సొంత వాక్యాలలో ప్రయోగించండి: కూతవేటు, పెదవి విరుచు, పాతకాపు, రచ్చబండ, కళ తప్పు.

6. మీ ఊరిలో లేదా మీ వీధిలో మూతపడి ఉన్న ఒక దుకాణాన్ని ఎన్నుకోండి. అది ఎప్పుడు, ఎందుకు మూతపడిందో పెద్దలను అడిగి తెలుసుకోండి. అక్కడ ఏముంటే బాగుండునో ఆ వీధివారిలో కనీసం అయిదుగురిని అడిగి, వారు చెప్పిన మాటలనే రాసి తీసుకురండి.